‘మ’ని పట్టుకోవడానికి ‘క’ నుంచి బయల్దేరాలా?

ఆ పిల్లని బుజ్జి అందాం. మూడేళ్ళ కిందట మా బడిలో ఒకటో తరగతిలో చేరింది. చేర్పించడానికి వచ్చిన రోజే వాళ్ళ నాన్న, “దీనికి అక్షరాలన్నీ వచ్చేశాయి మేడంగారూ, ఇంటి దగ్గరే నేర్పేశాం” అన్నాడు. అంతటితో ఆగలేదు. “చెప్పవే” అన్నాడు. ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, క ఖ గ ఘ ఙ దగ్గర ఎత్తుకుని క్ష, ఱ దాకా ఒక్క గుక్కలో ఒప్పజెప్పేసింది. ఆయన మొహం వెలిగిపోయింది. నేనూ “శభాష్” అన్నాను.

మర్నాడు గోడకున్న చార్టు దగ్గరికి తీసుకెళ్ళి “మ ఎక్కడుందో చూపించు” అన్నాను. వేలు తీసుకెళ్ళి క మీద పెట్టింది. ఇదేమిటా అని నేను అనుకునే లోపే పాట మొదలైంది. క, ఖ, గ, ఘ అంటూ ఒక్కో గడీ తాకుతూ వస్తోంది. మధ్యలో ఎక్కడో ఒకే గడిని రెండుసార్లు తాకింది. నోరు మ దగ్గరికి వచ్చేసరికి వేలు భ మీద ఉంది. “ఇదే మ, టీచర్” అంది ఎంతో నమ్మకంగా.

క నుంచి మ దాకా సరిగ్గా 25 అక్షరాలు. ఐదు వర్గాలు, వర్గానికి ఐదు. బుజ్జికి తెలిసింది పాట. ఆ పాటలో ఇరవై ఐదో చోట మ వస్తుంది. ఊరి మొదట్నుంచి ఒక్కో గుమ్మం లెక్కపెట్టుకుంటూ వస్తే తప్ప మా ఇల్లు పోల్చుకోలేనివాణ్ణి మా చుట్టం అంటానా?

వాళ్ళ నాన్నని అనడానికి నాకు నోరు లేదు. ఎస్‌జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా, ఉద్యోగంలో చేరిన మొదటి ఐదారేళ్ళు నేనూ అదే చేశాను. జూన్‌లో అచ్చులు, జూలైలో క వర్గం, ఆగస్టులో చ వర్గం. పిల్లలు గొంతు కలిపి అరుస్తుంటే వరండాలోంచి వెళ్ళేవాళ్ళకి బడి బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు వినిపించేది. నాకూ అలాగే అనిపించేది. డిసెంబరులో ‘పలక’ అని బోర్డు మీద రాస్తే పావు వంతు మంది కూడా చదివేవాళ్ళు కాదు. వాళ్ళకి బుర్ర లేదనుకున్నాను. ఇళ్ళలో చదివించరు అనుకున్నాను. నేర్పిన వరసలోనే లోపం ఉందేమో అని తోచడానికి అన్నేళ్ళు పట్టింది.

నా మాట ఇది: చిన్నపిల్లలకి హల్లుల్ని వర్ణమాల వరసలో నేర్పడం మానెయ్యాలి. వర్ణమాల మీద నాకు కోపమేమీ లేదు, నిజానికి అంత అందమైన పట్టిక మరొకటి చూపించమంటే చూపించలేను. గొంతు దగ్గర పుట్టే క వర్గంతో మొదలై, అంగిలి, మూర్ధం, పళ్ళు దాటుకుంటూ పెదాల దగ్గర ప వర్గంతో ఆగుతుంది. నోరంతా ఒక ప్రయాణం. ప్రతి వరసలోనూ మొదట పరుషం, మధ్యలో సరళం, చివర ముక్కుతో పలికేది. కానీ ఇదంతా ధ్వనులు అప్పటికే తెలిసినవాడు వాటిని సర్దిపెట్టుకున్న తీరు. వంటింట్లో పోపుల పెట్టె ఎలా సర్దాలో తెలియడం వేరు, మొదటిసారి పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్లకి ఏ కూర నేర్పాలో తెలియడం వేరు.

లెక్క కట్టి చూడండి. క, ఖ, గ, ఘ, ఙ ఐదూ నేర్చుకున్న పిల్ల ఏం చదవగలదు? దీర్ఘం కూడా వచ్చనుకుందాం. ‘కాక’. మహా అయితే ‘కాగా’. నెల రోజులు కష్టపడ్డ ఆరేళ్ళ పిల్లకి దక్కే బహుమతి ‘కాగా’! అదే మ, ప రెండే నేర్పి దీర్ఘం చూపిస్తే ‘మామ’, ‘పాప’ వచ్చేస్తాయి. అచ్చుల్లో ఆ ముందే వచ్చు కాబట్టి ‘ఆ పాప మా పాప’ అని ఒక వాక్యమే వచ్చేస్తుంది. మొదటిసారి బోర్డు మీద ఆ వాక్యం రాసి పక్కకి తప్పుకున్నప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్లాడు లేచి “ఏ పాప టీచర్?” అని అడిగాడు. చదివిన మాటకి అర్థం ఉంటుందని వాడికి తెలిసిన రోజు అది. క వర్గంతో ఆ ప్రశ్న వచ్చి ఉండేదా?

ఇక ఖ, ఘ, ఛ, ఝల సంగతి. చిన్నయసూరి గారు 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో అచ్చులూ హల్లులూ కలిపి తెలుగుకి ఉన్న వర్ణాలు 36 అని తేల్చారు. ఒత్తు పలికే మహాప్రాణాలు, ఙ, ఞ, శ, ష లాంటివి సంస్కృత పదాలతో కలిసి వచ్చినవని పక్కన పెట్టారు. అంత పండితుడు పక్కన పెట్టినవాటిని మనం తెచ్చి ఒకటో తరగతి పిల్లల మొదటి నెలలో కూర్చోబెట్టాం. మా చార్టులో ఝ కింద ‘ఝషం’ అని చేప బొమ్మ ఉండేది. ‘చ’ కింద ‘చేప’ అనీ ఉండేది, అదే బొమ్మ. “టీచర్, ఇది చేపా, ఝషమా?” అని అడిగితే ఏం చెప్పను? ఙ కింద బొమ్మే లేదు. పాపం, ఆ బొమ్మ గీసేవాడు మాత్రం ఏం చేస్తాడు?

అలాగని అన్ని మహాప్రాణాలనీ ఒకే గాటన కట్టలేం. భయం, ధర, ఫోను, ఖాళీ పిల్లల నోట్లో రోజూ నలిగేవే. వాటి అక్షరాలు నవంబరు నాటికి వచ్చేస్తాయి. ఝ, ఠ, ఢ వచ్చే ఏడాది దాకా ఆగినా కొంపేం మునగదు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? దీనికి జవాబు వెతుకుతుంటే తమాషాగా ఓనమాల దగ్గర తేలాను. వర్ణమాల అఆలతో మొదలైనా పాతకాలంలో పిల్లలు మొట్టమొదట దిద్దింది అ కాదు కదా. ‘ఓం నమః శివాయ’ దిద్దేవాళ్ళు, అందుకే వాటికి ఓనమాలు అని పేరు. అందులో హల్లులు చూడండి: న, మ, శ, వ, య. ఒక్కటీ క లాంటిది, ట లాంటిది లేదు. అన్నీ ఊపిరి ఉన్నంతసేపూ సాగేవే. న్‌న్‌న్ అనండి, మ్‌మ్‌మ్ అనండి, శ్‌శ్‌శ్ అనండి. సాగుతాయి. ఇప్పుడు క్‌ని సాగదీయండి చూద్దాం. సాగదు. ‘కాఆఆ’ అని సాగేది దాని వెనకున్న ఆ. మంత్రం కాబట్టి దిద్దించారే తప్ప ధ్వని చూసి ఎంచలేదనుకోండి. అయినా చెవికి కొత్తయిన పిల్లకి సాగే ధ్వనే ముందు దొరుకుతుంది, పక్కధ్వనితో తేలిగ్గా కలుస్తుంది.

అందుకని ఇప్పుడు నేను మ, న, ల, ర అనే నాలుగింటితో మొదలుపెడతాను. వీటితో పాటు అ, ఆ, తలకట్టు, దీర్ఘం. మన, అల, మామ, మాల. తర్వాత ప, త, క చేరతాయి. పాప, తాత, తల, కల, పాక, మరక, పలక. ఆ తర్వాత ట, డ, వ. ఆట, మాట, పాట, పడవ, వాన. ఇక్కడికి వచ్చేసరికి దసరా సెలవులు.

మ నేర్పే రోజు ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు అదే. ఆ రోజు పలకలు సంచుల్లోనే ఉంటాయి. అందరినీ “మ్‌మ్‌మ్” అనమంటాను. గది అంతా తేనెటీగల పట్టులా మోగుతుంది. “ఇప్పుడు ముక్కు మూసుకోండి” అంటాను. టక్కున గది అంతా నిశ్శబ్దం. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాదు, తర్వాత నవ్వులు. మళ్ళీ చేస్తారు, మళ్ళీ ఆగిపోతుంది. నోరు మూసి ఉంది, ముక్కూ మూస్తే ధ్వనికి దారేదీ? ల అంటూ ముక్కు మూసుకోమంటే ఏమీ అవదు. న అంటే మళ్ళీ ఆగుతుంది. ఆ రోజు నుంచి మా తరగతిలో మ, న ‘ముక్కు అక్షరాలు’. ఆ పేరు పెట్టింది పిల్లలే. అప్పుడు పళ్ళెంలో ఇసుక పోసి వేలితో మ రాయిస్తాను. ముందు ధ్వని, తర్వాత ఆకారం.

ప కోసం ఇంటి నుంచి చిన్న అద్దం తీసుకెళ్తాను. పెదాలు కలిసి విడిపోవడం చూసుకోవాలి. చాలా రోజుల తర్వాత ఫ వచ్చినప్పుడు పెదాల ముందు కాగితం ముక్క పట్టుకోమంటాను. ప అంటే కాగితం పెద్దగా కదలదు, ఫ అంటే ఎగురుతుంది. ‘ఒత్తి పలకండి’ అని నేను వందసార్లు అరిచినా రానిది ఆ కాగితం ముక్క చెప్పేస్తుంది.

ఇందులో నా వైపు నుంచి ఒక పెద్ద పొరపాటు జరిగింది. ఈ కొత్త వరస మొదలుపెట్టిన మొదటి ఏడాది సాగే ధ్వనులన్నీ ఒకచోట ఉండాలని మ పక్కనే వ కూడా పెట్టాను. చెవికి బాగానే ఉంది, కంటికి ఘోరం. మన లిపిలో వకి కొమ్మిస్తే వచ్చే ‘వు’, ‘మ’ దాదాపు కవలలు. మలో ఆ కొమ్ము పొట్టిగా ఉండిపోతుంది, వులో పైకి లేస్తుంది. పెద్దవాళ్ళకి అసలు ఆ పోలికే తట్టదు. పిల్లలకి మాత్రం నెల తిరిగేసరికి వ, మ, వు, ప అన్నీ ఒకే కుటుంబం అయిపోయాయి. అందుకే ఇప్పుడు మకీ వకీ మధ్య కనీసం ఆరు వారాలు ఎడం పెడతాను. డ, ద కూడా అంతే. ధ్వని ఒక దారి చూపిస్తుంటే ఆకారం ఇంకో దారికి లాగుతుంది. ఎవరైనా ‘ఇదిగో శాస్త్రీయమైన వరస’ అని ఒక కాగితం చేతిలో పెడితే నేను ముందు మ, వ ఎక్కడున్నాయో చూస్తాను.

మన హల్లుల్లో ఇంకో చిక్కు ఉంది, దాన్ని మనం మరిచేపోయాం. ‘చాప’ అనండి, ‘చేప’ అనండి. రెండు చలూ ఒకటేనా? కావు. చాపలో నాలుక పళ్ళ దగ్గరుంటుంది, చేపలో అంగిలి దగ్గర. ‘జడ’, ‘జీతం’ కూడా అంతే. వ్యాకరణాల్లో వీటికి ౘ, ౙ అని విడి గుర్తులు కూడా ఉన్నాయి. వాడుకలో ఒకే అక్షరంతో సరిపెట్టుకుంటున్నాం, వెనకొచ్చే అచ్చుని బట్టి నాలుకే సర్దుకుంటుంది కాబట్టి పరవాలేదు. కానీ ఒకసారి ఒక పిల్లాడు “చ అంటే చేప, మరి చాపకి ఏ అక్షరం టీచర్?” అన్నాడు. నేను “అదే చ” అని తేల్చేశాను. వాడి చెవి నా చెవి కన్నా నయమని ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నాక తట్టింది. మర్నాడు తరగతిలో అందరి ముందూ వాడిదే కరెక్టని చెప్పాను. ‘శనగలు’ని ‘సెనగలు’ అనే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లల విషయంలో కూడా ఇదే జాగ్రత్త కావాలి. అమ్మ నోట వచ్చిన మాట తప్పని మొదటి నెలలోనే చెప్తే ఆ పిల్ల ఇక నోరు విప్పదు. రాసేటప్పుడు శ అని రాస్తాం అంటే చాలు.

ఇంగ్లీషు సంగతి చెప్పకపోతే ఈ రోజుల్లో ఎవరూ చివరి దాకా చదవరు. మా చెల్లి వాళ్ళు హైదరాబాదులో ఉంటారు. వాళ్ళబ్బాయిని ఫోనిక్స్ క్లాసుకి, అంటే అక్షరాల ధ్వనులు కలిపి ఇంగ్లీషు చదవడం నేర్పే క్లాసుకి, పంపిస్తున్నారు, బడి ఫీజు కాకుండా విడిగా డబ్బు కట్టి. ఒక ఆదివారం వీడియో కాల్‌లో “పెద్దమ్మా, నాకు బ్యాట్ చదవడం వచ్చు” అన్నాడు. చదవరా అంటే “బ… ఆ… ట…” అని విడివిడిగా పలికి, గట్టిగా “బాట!” అన్నాడు. నాకు నవ్వాగలేదు. తెలుగులో అది నిఖార్సైన మాటే. తర్వాతది ‘కాట’ అయింది.

వాడి తప్పేమీ లేదు, చెప్పినావిడ తప్పు కూడా పెద్దగా లేదు. తెలుగు అజంత భాష. మన మాట అచ్చుతో ముగియకపోతే మనకి తోచదు. బస్‌ని బస్సు చేశాం, బల్బ్‌ని బల్బు చేశాం, పెన్‌ని పెన్ను చేశాం. మన లిపిలోనూ హల్లుకి అ అంటుకునే ఉంటుంది, విడదీయాలంటే పొల్లు పెట్టాలి. అచ్చుల్ని ప్రాణాలనీ హల్లుల్ని ప్రాణులనీ మన వ్యాకరణం ఊరికే అనలేదు. ఇంగ్లీషులో అలా కుదరదు, అక్కడ బ్, ట్ విడిగా నిలబడాలి. టీచరు బ అంటే పిల్లాడికి బాటే వస్తుంది, బు అంటే బుఆటు వస్తుంది. మా చెల్లికి ఒకటే చెప్పాను: ముందు మ్‌తో మొదలుపెట్టించు. అన్నం, గుర్రం, పుస్తకం అన్నప్పుడు చివర పెదాలు మూసుకుని ఆగిపోయే ధ్వని ఉందే, అది పొల్లే. తెలుగు పిల్లాడికి ముందే అలవాటైనది. అక్కణ్ణించి స్, న్, తర్వాతే ట్, ప్, అవీ గుసగుసగా.

ఆ క్లాసులో వాడికి మొదట నేర్పిన అక్షరాలేమిటో కనుక్కున్నాను. ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్. చాలాచోట్ల ఫోనిక్స్ ఈ ఆరింటితోనే మొదలుపెడతారు, ఎందుకంటే ఆరు వస్తే పిన్, టిన్, ట్యాప్, న్యాప్ అని బోలెడు మాటలు చదివెయ్యొచ్చు. ఏ బీ సీ డీ వరస తర్వాత ఎప్పుడో. దానికి మా చెల్లికి అభ్యంతరం లేదు సరికదా, “భలే సైంటిఫిక్‌గా చెప్తారక్కా” అంది. అదే చెల్లి, వాడికి తెలుగు నేర్పమంటే బజారు నుంచి అఆల చార్టు తెచ్చి క ఖ గ ఘ చెప్పిస్తోంది. ఇంగ్లీషుకి డబ్బు కట్టి మరీ కొనుక్కున్న తెలివి తెలుగు దగ్గర ఉచితంగా ఇస్తానన్నా పుచ్చుకోదేం? తెలుగు ఎలా నేర్పినా వచ్చేస్తుందిలే అన్న నమ్మకం ఒకటి మనలో పాతుకుపోయింది. రావడం లేదు. పిల్లలకి చదవడం ఏపాటి వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో పిల్లల ముందు పెట్టే కాగితంలో అక్షరాలు వరసలో ఉండవు, చెల్లాచెదురుగా ఉంటాయి. పాటగా నేర్చుకున్నవాళ్ళు అక్కడే దొరికిపోతారు. ఇప్పుడు లెక్కల పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. రెండు లిపులూ ఒకేసారి ఆరేళ్ళ పిల్ల నెత్తిన పడుతున్నాయి. నిపుణ్ భారత్ అని 2021లో కేంద్రం పెట్టిన గడువు ప్రకారం మూడో తరగతి అయ్యేలోపు ఆ పిల్ల అర్థం చేసుకుంటూ చదవాలి. వృథా చేయడానికి మన దగ్గర జూన్, జూలై లేవు.

మా మామగారు కూడా రిటైరైన మేష్టారే. నా వరస విని “మీరంతా క ఖ గ ఘతోనే కదమ్మా చదువుకున్నది, ఏం లోటయింది?” అన్నారు. “మాకు వచ్చింది కాబట్టి ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నాం మామయ్యా, రానివాళ్ళు ఏరి?” అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తమ బళ్ళో ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో ఐదుకి వచ్చేసరికి ఎంతమంది మిగిలేవాళ్ళో తనంతట తానే చెప్పుకొచ్చారు. గేదెల వెనక వెళ్ళినవాళ్ళు, పత్తి చేలకి వెళ్ళినవాళ్ళు. పేర్లు కూడా గుర్తున్నాయి ఆయనకి.

అయితే మామగారు ఇంకో మాటన్నారు, అది నేను ఒప్పుకుంటాను. వరస అసలు నేర్పకపోతే రేపు నిఘంటువు ఎలా చూస్తారు అని. నిజమే. అందుకే రెండో తరగతిలో, చదవడం వచ్చేశాక, వర్ణమాల చార్టు బయటికి తీస్తాను. అప్పుడు దాన్ని కంఠతా పట్టించను. ప్రతి వరసా నోటితో పలికి ఏముందో కనిపెట్టమంటాను. కిందటేడు ఒకమ్మాయి చార్టు చివరి నిలువు వరస మీద చెయ్యి పెట్టి, “టీచర్, ముక్కు అక్షరాలన్నీ ఇక్కడే ఉన్నాయి!” అని కేక పెట్టింది. మరి అప్పటిదాకా ఎవరికీ అక్కర్లేని ఙ, ఞ కూడా ఆ వరసలో ఉన్నాయి కదా, వాటిని ముక్కుతో పలికి చూసుకుని మురిసిపోయారు.

గుణింతం గురించి ఎక్కువ చెప్పను, అది ఇంకో వ్యాసం. చార్టులోని 36 హల్లులకీ పన్నెండేసి రూపాలనుకున్నా 432. అన్నీ పాడించడం కన్నా గుడి అనే గుర్తు ఒకటి పట్టుకుంటే అది ఎవరి నెత్తి మీద కూర్చున్నా ఇకారమే అని తెలియడం ముఖ్యం. ‘లీ’ చూపిస్తే ‘ల లా లి లీ’ అని మెట్లెక్కి వచ్చే పిల్ల ఇంకా పాటలోనే ఉన్నట్టు. ఇంకో దిగులు కూడా ఉంది: పిల్లకి అందరికన్నా ముందు చదవాలనిపించే మాటలు అమ్మ, నాన్న. రెండింటికీ ఒత్తులే. అవి వచ్చేదాకా ఆగమనడానికి నాకు మనసొప్పదు. ఆ రెండు మాటల్నీ బొమ్మ గుర్తుపట్టినట్టు గుర్తుపట్టెయ్యమంటాను.

బుజ్జి దగ్గరికి వద్దాం. ఆ ఏడాది అక్టోబరులో అనుకుంటా, అదే పాత చార్టు ముందు నిలబెట్టి, ‘ఆ’ అక్షరం పక్కనున్న బొమ్మని అరచేత్తో కప్పేసి, కింద మాట చదవమన్నాను. ఇంటి దగ్గర ‘ఆ ఆవు’ అని ఏడాది పాటు పాడిన పిల్ల. కాసేపు చూసి “ఆమ” అంది. వెంటనే మొహం చిట్లించింది. ఆమ అంటే ఏమీ లేదని దానికి తెలుసు. ముక్కు దగ్గరగా పెట్టి మళ్ళీ చూసింది. ఈసారి వేలు క మీదకి వెళ్ళలేదు, నేరుగా ఆ రెండో అక్షరం మీదకే వెళ్ళింది. కొమ్ము వెంబడే కింద నుంచి పైదాకా వేలితో రాసింది.

“ఇది మ కాదు టీచర్. చెయ్యి పైకెత్తింది” అని, నా అరచెయ్యి పక్కకి లాగేసి, ఆవు ఉందో లేదో చూసుకుంది.